పాచిక వేయక ముందు

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అను పాత్రధారణ యాటను వెలువరించిన నాడు, ఆటగాండ్రందరును ఒక బల్ల చుట్టును గూర్చుండి, గేమ్ మాస్టర్ చెప్పు కథను విని, తమ పాత్ర యేమి చేయునో నోటితో జెప్పి, ఫలితము సందేహమైనచోట పాచిక వేయుట యాచారము. నేడా బల్ల ఆన్‌లైన్‌లో డిస్కార్డ్‌లోనికిని, రోల్20 పటము మీదికిని దరలినది. పాచికను కంప్యూటరే దొర్లించుచున్నది. ఇందువలన గేమ్ మాస్టరునకు శ్రమ తగ్గినదనుట భ్రమ.

ఇరువది ముఖముల పాచికలో వీరునికైనను, పిరికివానికైనను అన్నిటికన్న తక్కువదైన ఒకటి పడు నవకాశము నూటికి 5 పాళ్లు. కావున తాళము తీయబోవువానిని పాచిక వేయుమనుటకు ముందు, తప్పినచో నేమగునో గేమ్ మాస్టరులమైన మన మనస్సులో నిశ్చితమై యుండవలెను. తలుపు తెరచుకొనక, మరల వేయుటయే యగునేని అసలు వేయింపకుండుటయే మేలు. తాళము వచ్చినది గాని కావలివాడు మేలుకొన్నాడని చెప్పి కథను సాగింపవచ్చును. కథకు ప్రాణమైన లేఖ యా గదిలోనే యున్నచో, దానిని పాచికకు దాకట్టు పెట్టుట శుద్ధ యవివేకము.

ఋతుపర్ణుడు నలున కుపదేశించిన అక్షహృదయము నాకబ్బలేదు గాని, కొంత లెక్క తెలిసికొంటిని. పాచికపై 11 గాని, అంతకు మించి గాని పడవలసినచోట సగపాలుగ నున్న యవకాశము, రెండు పాచికలు వేసి పెద్దదానిని గైకొనుమన్నచో నూటికి 75 పాళ్లగును. 2014 నాటి యైదవ కూర్పులోని యీ సౌలభ్యము నాకు మిక్కిలి ప్రియము: కంటికి గనబడని శత్రువుపై పిండి చల్లెదనను గడుసరి యాటగానికి ఇంతకన్న దగిన బహుమాన మేది?

బల్లకడ అట్టతెర చాటున వేసిన పాచిక నెవరును జూడరు. ఆన్‌లైన్‌లోను గుప్తముగ వేయు వీలున్నది. అయినను దూరముననున్నవారికి నా నవ్వును, నా సంకోచమును దెలియవు గనుక, నమ్మకమునకు మిగిలిన యాధారము కనబడు సంఖ్య యొక్కటే యని నా మతము. పోరాటమున బహిరంగముగనే వేయుదును, అందరికి నిష్టమైన పాత్ర కూలినను సరే.

ఇంక మౌనము సంగతి. "ఇప్పుడేమి చేయుదురు?" అని యందరిని గలిపి యడిగినచో నెవడును బలుకడు, లేదా యిరువు రొక్కమారు పలికి యిరువురు నాగుదురు. ఒక్కరిని పేరుపెట్టి యడిగి, తరువాతి వంతెవరిదో యప్పుడే చెప్పవలెను. కోట వర్ణన మెంత రమ్యముగ వ్రాసికొన్నను మూడు వాక్యములకు మించి చదువరాదు. నాల్గవదానికి ఎవరో యొకరు వేరొక ట్యాబు తెరచియే యుందురు.