అతనికి కారణాలు, ఆమెకి గుణం

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి మాట్లాడేటప్పుడు మనకి దయానిధి మీద ఎంత జాలో! అతను ఏ స్త్రీతోనూ నిలకడగా ఉండలేడు, ఏ నిర్ణయమూ గట్టిగా తీసుకోలేడు. పాపం, తల్లి గురించి లోకం అన్న మాటలు అతన్నలా చేశాయి అంటాం. నిజమే. నవలంతా అతని మనసు వెంటే నడుస్తుంది కాబట్టి ప్రతి తడబాటుకీ ఒక కారణం దొరుకుతుంది.

మరి ఆ తల్లికో? ఆమె ఎలాంటి కాపురం చేసింది, ఏం కోరుకుంది, అసలు లోకం మాటల్లో నిజమెంత? ఇవేవీ ఆమె వైపు నుంచి మనకి తెలియవు. కొడుకు ప్రవర్తనకి తల్లి కారణం. తల్లి ప్రవర్తనకి మాత్రం ఆమె గుణమే కారణం!

ఎదుటివాళ్ల పనులకి వాళ్ల స్వభావాన్నే కారణంగా చూపించి, పరిస్థితుల్ని తక్కువ లెక్కేయడం మనుషులు సాధారణంగా చేసే పొరపాటని మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో రాశాడు. కానీ ఈ పొరపాటు అందరి మీదా ఒకేలా పడదు. తాగొచ్చిన మొగుడికి ఆఫీసులో చికాకులుంటాయి. ఇల్లు వదిలిన భార్యకి 'చెడ్డబుద్ధి' ఒక్కటే ఉంటుంది.

ఆమె నోరు విప్పి చెప్పుకుంటే సరిపోతుందా? చలం 'మైదానం' (1927)లో రాజేశ్వరి తన కథ తానే చెప్పుకుంది. అయినా ఆమె చెప్పిన కారణాలు పక్కనపెట్టి 'బరితెగించిన మనిషి' అని తేల్చేసే పాఠకులు ఉంటూనే ఉన్నారు. చెప్పడమే కాదు, వినేవాళ్లూ కావాలి.

ఇది నవలలతో పోయే విషయం కాదు. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడిక మంచిది కాదని చూపించి, ఆమె సాక్ష్యం నమ్మదగింది కాదనడానికి 1872 నాటి సాక్ష్య చట్టంలో ఒక నిబంధన వీలిచ్చేది. 2002 నాటి సవరణ చట్టంతో గానీ అది పోలేదు. జరిగిందేమిటన్న ప్రశ్నకి ఆమె ఎలాంటిదన్నది జవాబుగా చెల్లుబాటైంది, నూట ముప్ఫై ఏళ్లపాటు.

అందుకే కథ చదివేటప్పుడు నేనొకటి గమనిస్తాను. రచయిత ఎవరికి కారణాలిచ్చాడు, ఎవరికి పేరు మాత్రం పెట్టి వదిలేశాడు? ఇది బుచ్చిబాబుని తప్పుపట్టడానికి కాదు. లోకనింద మనిషినెలా తినేస్తుందో ఆ నవల అంత బాగా చెప్పింది. మొదట ఆ నింద మోసిన మనిషి గురించి కూడా ఇప్పుడు మనం అడగాలి.