తుప్పు వేఱు, అరుగుదల వేఱు

గోదావరి వరద తీసిన పిమ్మట భద్రాచల పరిసర గ్రామములలోని ముంగిళ్లను చూచినవారికి ఆ దృశ్యము చిరకాలము మఱపునకు రాదు. ఒండ్రు ఎత్తిపోసిన అరుగులమీద బియ్యపు డబ్బాలు, దేవుని పటములు, పరుపులు, పిల్లల పుస్తకములు ఎండలో ఆరవేయబడియుండును. వానికి దూరముగా, ఎవ్వరును చేయిపెట్టని ఒక కుప్పలో, కొడవలియు గొడ్డలియు అట్లకాడయు కత్తిపీటయు ఎఱ్ఱబడి పడియుండును. 2022 జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71.3 అడుగులకు పెరిగినప్పుడు, మూడవ ప్రమాద హెచ్చరికకు గుర్తయిన 53 అడుగుల గీతను దాటి పదునెనిమిది అడుగులు పైకెగసిన ఆ ప్రవాహము తీరమందలి మా మేనత్తగారి వంటయింటిని కప్పుదాక ముంచినది. 1986 ఆగస్టునందలి 75.6 అడుగుల వరదను కన్నులార చూచియున్న ఆమె ఈ పర్యాయము ధాన్యపు మూటలను మాత్రము గట్టెక్కించుకొని, తక్కిన సామగ్రిని గోదావరికి విడిచి వెడలినది. తిరిగి వచ్చినపిదప ఒండ్రుక్రింద దొరకిన ఆమె కత్తిపీట పాత ఇనుము కొనువాని తక్కెడలో పడకుండ నేను తెచ్చుకొంటిని. దానిని బాగుచేయు ప్రయత్నములో నాకు పట్టుబడిన పనితీరును, ఆ పనితీరులో ఇమిడియున్న వివేకమును పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

కత్తిపీట నిర్మాణము దాని పేరులోనే తెలియుచున్నది. కాలితోనో మోకాలితోనో అదిమి పట్టుటకు అనువైన ఒక చెక్కపీట. దాని ఒక కొసనుండి లేచి, తరుగువారివైపు వాదర త్రిప్పుకొని వంగియుండు ఇనుప అలుగు. కొన్నింట ఆ అలుగు చివర కొబ్బరి కోరుటకు పండ్లు దీర్చిన బిళ్ల. చాకుతో తరుగునప్పుడు కాయ నిలుచును, కత్తి నడుచును. ఇచ్చట కత్తి నిలుచును, కాయయే రెండుచేతుల నడుమ దానివైపు నడుచును. దేహభారము పీటను కదలనీయదు గనుక చేతులు రెండును స్వేచ్ఛగా మెలగును. గుమ్మడికాయవంటి గట్టికాయయు గోంగూరవంటి మెత్తని ఆకును ఒకే అలుగునకు లొంగును. తమిళులకు ఇది అరివాళ్మణై, కన్నడిగులకు ఈళిగెమణె, మరాఠీవారికి విళీ, ఒడియావారికి పనికి, వంగీయులకు బొంటి. నేలమీద కూర్చుండి వండుకొన్న జాతులన్నియు తమ కూర్చుండు తీరునకు సరిపడునట్లు దీర్చుకొన్న పనిముట్టు ఇది. వెదురుకొమ్ములనుండి వేసవి మామిడికాయలవఱకు అడవియంచు వంటయింటికి చేరినదంతయు దీని ముందునకే వచ్చును.

ఈ సీమకు ఇనుముతోడి చుట్టఱికము నేటిది కాదు. ఒకప్పుడు ఖమ్మము జిల్లాలో ఉండి నేడు మహబూబాబాదు జిల్లాలో చేరిన బయ్యారము ఇనుపరాతికి ప్రసిద్ధము. గోదావరి లోయయందలి జానంపేట ప్రాంతమున మహాశిలాసమాధులు నేటికిని నిలిచియున్నవి. తెలంగాణమందలి అట్టి సమాధులలో గతించినవారితోపాటు ఇనుప పనిముట్లను నిక్షేపించుట ఆనాటి ఆచారము. ఉత్తరమున నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము మూసలలో కరగించిన ఉక్కు పారశీకమువఱకు పోయినది. ఆ పరిశ్రమను చూచి వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన వృత్తాంతము 1832లో వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. అంతటి ఘనచరిత్రకు పల్లెలో మిగిలిన ప్రతినిధి కమ్మరి. ఆయగాండ్రలో ఒకడై, కళ్లమువద్ద మేర గింజలు పుచ్చుకొని, ఏడాది పొడవున ఊరి కఱ్ఱులకును కొడవళ్లకును కత్తులకును ప్రాణము పోసినవాడు అతడే.

బాగుచేయుటకు ముందు తుప్పు స్వభావమును గుర్తెఱుగవలెను. రాగికిని ఇత్తడికిని పట్టునది చిలుము, ఇనుమునకు పట్టునది తుప్పు. మన భాష ఈ రెండింటికి వేర్వేఱు పేర్లు పెట్టుటలో సూక్ష్మదృష్టి కలదు. రాగిపై చిలుము అంటిపట్టుకొని క్రింది లోహమునకు ఒక విధమైన తెరయగును. తుప్పు అట్లు కాదు. తడియు ప్రాణవాయువును కలిసి ఇనుమును మార్చినప్పుడు పుట్టు ఆ పదార్థము తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. ఆక్రమించుటచే ఉబ్బును, ఉబ్బుటచే పగులును, పగిలినచోటినుండి తడి మరల లోపలికి దిగును. కావున తుప్పుపట్టిన వస్తువును మూలపెట్టుట దానిని నిలువుంచుట కాదు, మెల్లగా తిననిచ్చుట.

మొదటి పని పరీక్ష. ఒండ్రును వెదురుపేడుతో గీకి, వస్తువును ఎండలో ఆరనిచ్చి, అలుగును చిన్న సుత్తితో అంగుళమంగుళమునకు తట్టి వినవలెను. లోపల ఇనుము సజీవముగానున్నచో ఖంగుమను ధ్వని వచ్చును. పొరలు విడిచినచోట ఆ ధ్వని మొద్దుబాఱును. వాదరవద్ద నెఱ్ఱె కనబడినచో, గుంటలు ఆవలివైపునకు తూటుపడినచో, అట్టి అలుగును మరల కూరగాయలకు వాడరాదు. మా అత్తగారి కత్తిపీట ఈ పరీక్షలో నెగ్గినది. కొలిమివద్ద దానిని తట్టి చూచిన కమ్మరి పెద్ద, “ఇనుము చావలేదు సారూ, తోలే చెడ్డది” అని ఒక్కమాటలో తేల్చినాడు.

రెండవ పని పులుపు. నానబెట్టి చిక్కగా పిసికిన చింతపండు గుజ్జును అలుగంతటికిని పట్టించి, తడిగుడ్డ చుట్టి, ఒక రాత్రి ఉంచవలెను. చింతపండునందలి ఆమ్లము తుప్పును కరగించి వదులుచేయును. నిమ్మచెక్కయు, పులిసిన గంజియు ఈ పనినే చేయును. అయితే తుప్పు తీరినపిదప ఆమ్లము మంచి ఇనుమునే తినుటకు మొదలిడును గనుక, తెల్లవాఱగానే గుడ్డ విప్పి చూడవలెను. చాలనిచో మరొకరాత్రి పెట్టవలెనే గాని మఱచి వారముదినములు విడువరాదు. పిమ్మట మెత్తని ఇటుకపొడిని కొబ్బరిపీచుతో అద్ది, వెన్నునుండి వాదరవైపునకు మాత్రమే, వేళ్లు వాదరకు అడ్డము పోకుండ రుద్దవలెను. చివర కట్టెబూడిదతో తోముట శుభ్రతకొఱకు మాత్రమే అని తలపరాదు. బూడిదయందలి క్షారము, గుంటలలో దాగిన పులుపును విఱుచును. పులుపు మిగిలినచో తుప్పు మరల మొలచును. వేడినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పొయ్యిగట్టుమీద వెచ్చగా ఆరనీయవలెను. అప్పుడే తోమిన ఇనుము చన్నీటి తడితో నిలిచినయెడల చూచుచుండగనే మరల ఎఱ్ఱజీర కమ్మును. తొలిసారి నేను ఆ పొరపాటు చేసి, ఒక పూట శ్రమను పోగొట్టుకొంటిని.

మూడవది ఈ అడవి మనకు ప్రసాదించిన ఉపాయము. ఎంత రుద్దినను వెన్నువైపు గుంటలలో కొంత ఎఱుపు మిగులును. దానిని పెకలింపబోయినచో మంచి ఇనుము పోవును. అట్టిచోట చిక్కని కరక్కాయ కషాయమును పూసి ఆరనిచ్చినయెడల, కాయయందలి వగరు ఆ ఎఱ్ఱని తుప్పుతో కూడి, స్థిరమైన నల్లనిపొరగా మాఱును. పురావస్తుశాలలలో ప్రాచీన ఇనుప వస్తువులను కాపాడువారు టానిక్ ఆమ్లమును వాడుట ఈ సూత్రముచేతనే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఇది తరతరముల విద్య: తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీట పలుదినములు ఊరవేసి తీసిన కసిమిని కరక్కాయ పట్టించిన గుడ్డమీద గీచినప్పుడు నల్లనిగీత తేలును. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలుచేయు అటవీ ఫలసాయములలో కరక్కాయయు ఒకటి. కోయవారి బుట్టలలో సంతకు దిగివచ్చు ఆ కాయలో రంగరికిని, వైద్యునకును, కమ్మరికిని సమానముగా పాలు కలదు.

ఇక కొలిమి పని. తుప్పు వదలించుటకై కత్తిని పొయ్యిలో పెట్టువారు కలరు; అంతకంటె అపచారము లేదు. తగినంత బొగ్గుపాలుగల ఉక్కును ఎఱ్ఱగ కాల్చి నీట ముంచినప్పుడు అది కరకుదేఱును, గాజువలె పెళుసగును. మరల మెల్లగా సెగచూపగా, తోమిన చోట ఎండుగడ్డి వన్నె పొడచూపును. సుమారు 220 డిగ్రీలవద్ద కానవచ్చు ఆ వన్నెవద్ద ఆపినచో పెళుసుదనము విఱిగి పదును నిలుచును. 300 డిగ్రీలకు చేరి నీలమునకు తిరిగినచో అలుగు మెత్తబడును. పూర్వపు కమ్మరి ఈ అంకెలను ఎఱుగడు, వన్నెను ఎఱుగును. మోటారు సానచక్రమువద్ద తొందరపడి పట్టిన కత్తులు కొద్దిదినములకే మొద్దుబాఱుటకు కారణము, నిప్పురవ్వల నడుమ వాదర నీలమెక్కుటయే. మా కత్తికి పదును చెడలేదు గనుక పెద్దాయన దానిని కొలిమిలో పెట్టనేలేదు. కోరుబిళ్ల పండ్లను ఆకురాయితో ఒక్కొక్కటిగా దీర్చి, వాదరను తడిపిన సానరాతిమీద నింపాదిగా నూఱుటకు కూర్చుండినాడు.

అప్పుడు నేనొక కోరిక కోరితిని. అలుగు నడిమిభాగమున, సుమారు మూడంగుళముల పొడవున, వాదర లోనికి అరిగి పల్లముదేఱియున్నది. ఎట్లును బాగుచేయుచున్నాము గనుక దానిని సరిపఱచి, వంపు తిన్నగా వచ్చునట్లు చేయుమని అడిగితిని. ఆయన రాయి ఆపి, కత్తిని నా ముందునకు త్రిప్పి, “ఆ గుంట నీకు సొట్ట లెక్క కనపడ్తది సారూ. మీ అత్తమ్మ చెయ్యి యాభై ఏండ్ల సంది అక్కడికే పోతాంది. దాన్ని తీస్తె ఇది వేరే కత్తి అయితది” అని, మరల తన పనిలో మునిగినాడు.

ఆ మాటతో నాకు ఈ విద్యయొక్క మర్మము బోధపడినది. తుప్పు వేఱు, అరుగుదల వేఱు. తుప్పు ఉపేక్షకు గుర్తు. అరుగుదల ఉపయోగమునకు గుర్తు. రెండును ఇనుమును హరించునవే యైనను, ఒకటి వస్తువును మనుష్యునినుండి దూరము చేయును, రెండవది వానికి చేరువ చేయును. జీర్ణోద్ధరణమన నూతనత్వమును తెచ్చిపెట్టుట యని తలచి, తళతళలాడువఱకు అరగదీయువారు తుప్పుతోపాటు ఒక జీవితకాలపు చేతివాటమును చెఱిపివేయుదురు. ఎంత తీయవలెనో తెలియుట సామాన్యవిద్య, ఎచ్చట ఆపవలెనో తెలియుటయే ప్రౌఢవిద్య. కంచెర్ల గోపన్న చేయించిన స్వర్ణాభరణములు భద్రాద్రి ఆలయమునందు నేటికిని వన్నె తఱుగక యున్నవి. బంగారమునకు తడిభయము లేదు. పెట్టెలో పెట్టి తాళము వేసినను అది బంగారమే. ఇనుమునకు ఆ భాగ్యము లేదు. దినదినమును ఎవరో ఒకరు తుడిచి, ఆరవేసి, నూనె చెమ్మ చూపినంతకాలమే అది ఇనుము. కావున వందయేండ్లు నిలిచిన కత్తిపీట యొకటి మన ఇంట ఉన్నదనిన, వందయేండ్లపాటు దానిని మఱవని చేతులు ఆ ఇంట ఉన్నవనియే అర్థము. దసరానాడు ఆయుధములతోపాటు పనిముట్లకును పసుపుకుంకుమలు పెట్టుటలోని ఔచిత్యము ఇదియే.

చివరి పని స్వల్పమైనది. పీటకు నువ్వులనూనె పట్టించి రెండుదినములు ఎండ తగులని గాలిలో ఉంచితిమి. అలుగునకు ఆముదమును గుడ్డతో అద్దీ అద్దనట్లు తుడిచితిమి. ఆముదము చిక్కనిది, త్వరగా జాఱిపోదు, గాలిని తడిని ఇనుమునకు తగులనీయదు. మొదట ఒక అరటికాయను తరిగి ఆ ముక్కలను పాఱవేయవలెనని పెద్దల వాడుక. దాని పసరు అలుగును నల్లబఱచి తొలిపూతయగును. అటుపై ప్రతిదినమును చేయవలసినది ఒక్కటే: తరిగినవెంటనే కడిగి, తుడిచి, పొడిచోట పెట్టుట.

కత్తిపీటను అత్తగారి ముందు ఉంచినప్పుడు ఆమె దానిని ఎగాదిగా చూడలేదు, మెచ్చుకొననూ లేదు. పీటమీద మోకాలు మోపి, మాతో మాటలాడుచునే, కన్నెత్తకుండ వంకాయను అలుగుమీదికి నడిపించినది. చేయి తిన్నగా పోయి ఆ పల్లమునందు ఆగినది. ముక్కలు ఉప్పునీళ్ల గిన్నెలో పడినపిదప కొంగుతో అలుగును తుడిచి, దూలమునకు కొట్టిన మేకువైపు చూచి, “ఈసారి నీళ్లొస్తే వడ్లతోటి దీన్ని కూడ పట్టుకపోవాలె నాయనా” అన్నది.