రమ్మని పిలవని ఉత్తరం

జాన్ వెస్లీ 1749 జులైలో డబ్లిన్ నగరంలో ఉండగా ఒక ఉత్తరం రాశాడు. దాని పేరు 'ఒక రోమన్ కతోలికుడికి ఉత్తరం'. అది ఫలానా మనిషికని రాసింది కాదు. ఏ కతోలికుడు చదివినా తనకే రాసినట్టు ఉంటుంది. నాలుగు నెలల కిందట దాని నకలు నాకు ఇచ్చినవారు మా ఊరి మెథడిస్టు సంఘం అయ్యగారు. ఇవ్వడానికి కారణం ఉంది. నేను పుట్టుకతో కతోలికుణ్ణి. రెండేళ్లుగా వారి సంఘంలో చేరాలా వద్దా అని ఊగిసలాడుతున్నాను. ఆ సంగతి చెబితే ఆయన, "ముందు ఇది చదవండి సార్, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

నేను చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. వేదాంతం నా శాస్త్రం కాదు. అయితే ఒక కాగితం ఏం చెబుతోంది, ఏం చెప్పకుండా దాటేస్తోంది అని చూడడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుతోనే ఈ ఉత్తరాన్ని పరిశీలిస్తాను.

ముందు సందర్భం చెప్పాలి. ఆనాటి ఐర్లండులో జనం ఎక్కువమంది కతోలికులు, అధికారం ప్రొటెస్టెంట్లది. కతోలికులకు ఓటు హక్కు కూడా లేదు. అదే ఏడాది కార్క్ పట్టణంలో వెస్లీ అనుచరుల మీద మూకలు దాడులు చేశాయి. అటువంటి వేళ మామూలుగా పుట్టేది నిందాపత్రం. వెస్లీ మాత్రం తగవు ఎవరు మొదలుపెట్టారనే లెక్కలోకి దిగడు. ఇరుపక్షాల మనసులూ పాడయ్యాయని ఒప్పుకుని మొదలుపెడతాడు. తరువాత నిజమైన ప్రొటెస్టెంటు ఏమి నమ్ముతాడో విశ్వాస సంగ్రహం వరుసలో చెబుతాడు. ఇక్కడ కతోలిక పాఠకుడు ఒక చోట ఆగిపోతాడు. మరియమ్మ క్రీస్తును కనడానికి ముందే కాదు, కన్న తరువాత కూడా కన్యగానే ఉన్నదని వెస్లీ తన విశ్వాసంగా రాశాడు. ఈనాటి మెథడిస్టు మిత్రులకు ఈ మాట చూపిస్తే వారిలో చాలామంది నమ్మలేదు.

విశ్వాసం తరువాత నడవడి. ఇక్కడ ఆయన తన పక్షాన్నే గట్టిగా మందలిస్తాడు. తాగి, అబద్ధమాడి, మోసం చేసి బతికేవాడు ఏ గుడికి వెళ్లినా ప్రొటెస్టెంటు కాడంటాడు. అక్కడే నీ మతం వదలమని నిన్ను ఒప్పించడానికి రాయడం లేదని కూడా స్పష్టం చేస్తాడు. చివర నాలుగు తీర్మానాలు: ఒకరికొకరు హాని చేసుకోకూడదు, కటువుగా మాట్లాడుకోకూడదు, మనసులో చెడు తలచుకోకూడదు, దేవుని రాజ్యానికి నడిపించే పనుల్లో ఒకరికొకరు తోడుపడాలి.

ఈ వరుసలోనే ఉత్తరం బలం ఉందని నా అభిప్రాయం. మా బ్యాంకులో రెండు శాఖల లెక్కలు సరిచూసేటప్పుడు ముందు కలిసిన పద్దులకు టిక్కు పెడతాం. కలిసినవి ఎన్నో తెలిస్తే, కలవనివి చూసే మనిషికి కోపం తగ్గుతుంది. వెస్లీ చేసింది అదే. కాని మా పద్ధతిలో రెండో పని కూడా ఉంది. కలవని పద్దుల జాబితా రాసి కింద సంతకం పెట్టాలి. ఆ జాబితా ఈ ఉత్తరంలో లేదు. పూజాబలి, పాపసంకీర్తనం, ఉత్తరించు స్థలం, పోపుగారి అధికారం వంటివాటిని వేరుగా తీసి ఇవి మన మధ్య తేలని లెక్కలని ఆయన చూపలేదు. సఖ్యత కోరే ఉత్తరంలో ఇది తప్పు కాకపోవచ్చు. సంఘం మారాలనుకునేవాడికి మాత్రం అవసరమైన కాగితం అదే.

ఆ కాగితాలు వెస్లీ వేరే చోట్ల రాశాడు. 1780 జనవరిలో ప్రకటించిన ఒక లేఖలో, ఏ ప్రభుత్వమూ కతోలికులను సహించరాదని వాదించాడు. ఇతర మతస్థులకు ఇచ్చిన మాట నిలుపుకోనక్కరలేదనే నియమం ఉన్నవారిని ఎలా నమ్మడం అన్నది ఆయన వాదం. మా భాషలో చెప్పాలంటే, ఖాతాదారు ముఖం చూడకుండానే అప్పు నిరాకరించడం. ఆ ఏడాది జూన్‌లో లండన్‌లో కతోలికుల మీద గార్డన్ అల్లర్లు జరిగాయి. అల్లర్లకు ఈ లేఖే కారణమనను. కాని 1749 ఉత్తరంలోని మూడో తీర్మానాన్ని రాసిన చేయి తానే మరచిపోయిందని అనక తప్పదు. కార్క్‌కు చెందిన కపూచిన్ సన్యాసి ఆర్థర్ ఒలీరీ దానికి చమత్కారంగా జవాబు రాశాడు. 1787లో అదే కార్క్‌లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉదయం ఫలహారం చేశారు. ఒలీరీకి తెలివి, చదువు రెండూ ఉన్నాయని వెస్లీ తన దినచర్యలో మెచ్చుకున్నాడు. మొదటి ఉత్తరాన్ని మెచ్చేవారు రెండో లేఖను దాచరాదు. రెండో లేఖను ఎత్తిచూపేవారు ఆ ఫలహారాన్ని దాచరాదు.

ఇక తేలని లెక్కల సంగతి. తెలుగువారికి మెథడిస్టులంటే మెదక్ గుడి గుర్తుకు వస్తుంది. దాన్ని కట్టిన వెస్లియన్ మిషన్ 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయింది. మా ఊరి సంఘం అమెరికా మెథడిస్టుల పరంపరలోది. ఆ పరంపర 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వయంపాలన పొందింది. అమెరికా వారి కోసం 1784లో వెస్లీ ఇంగ్లండు సంఘపు 39 మత నియమాలను కుదించి పంపగా అక్కడ అవి 25 అయ్యాయి. అందులో 14వది ఉత్తరించు స్థలాన్నీ పునీతులను వేడుకోవడాన్నీ తోసిపుచ్చుతుంది. 20వది పూజాబలిని చాలా కఠినమైన మాటలతో ఖండిస్తుంది. ఇటువంటి నియమాలను ఆనాటి కలహాల నేపథ్యంలో అర్థం చేసుకోవాలని అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘం 1970లో తీర్మానించింది. రక్షణ గురించి కతోలికులు, లూథరన్లు 1999లో చేసుకున్న ఉమ్మడి ప్రకటనలో ప్రపంచ మెథడిస్టు మండలి 2006లో సియోల్‌లో చేరింది. దూరం తగ్గింది, నిజమే. అయినా నవంబరు 2న మా అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి ఆమె ఆత్మ కోసం జపం చేసే నాకు ఆ 14వ నియమం పాత కాగితం కాదు.

మరి ఇన్ని తెలిసీ నేను ఎందుకు ఊగిసలాడాను? ఈ ప్రశ్నను ఉత్తరమే నా ముందు పెట్టింది. వెస్లీ తన విశ్వాసాన్ని వరుసగా రాసినట్టు, నేను అటు వెళ్లాలనుకోవడానికి గల కారణాలను ఒక కాగితం మీద రాశాను. మొదటి కారణం తెలుగు. రెండోది రాయబోతే అదీ తెలుగే అయింది.

దేశభాషల్లో పూజకు 1963లో వాటికన్ మహాసభ తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి మా ఊరి గుడిలోకి కన్నడం వచ్చింది, తమిళం వచ్చింది, తెలుగు రాలేదు. నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నా మా ఇంట్లో జపమాల తెలుగే. మెథడిస్టు గుడిలో మాత్రం ఆదివారం సాయంత్రం తెలుగు ఆరాధన ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు పాడింది పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తన. గంజాం వైపు పాఠకులకు ఆయన పొరుగువాడు. నా కళ్లు చెమర్చాయి. ఇది మెథడిస్టు మహిమ అనుకుని ఇంటికి వచ్చాను. తీరా చూస్తే చౌదరిగారు బాప్టిస్టు! నన్ను లాగింది వెస్లీ కాదు, ఆయన సంఘమూ కాదు. మన రాగం, మన మాట.

ఆ మాట కూడా పూర్తిగా నాది కాదని తరువాత తెలిసింది. మేము జ్ఞానస్నానం అంటే వారు బాప్తిస్మం అంటారు. మా పునీతులు వారికి పరిశుద్ధులు. మా సత్ప్రసాదం వారికి ప్రభు భోజనం. పాపసంకీర్తనానికి వారి దగ్గర సాటి మాటే లేదు, ఎందుకంటే ఆ పనే లేదు. సంఘం మారడమంటే తెలుగులోంచి ఇంకో తెలుగులోకి మారడం కూడా. అమ్మ నేర్పిన జపంలోని మాటలు అక్కడ ఎవరూ అనరు.

వెస్లీ గురించి ఒక చిన్న సంగతి ఉంది. ఇంగ్లండు సంఘంలో గురువుగా అభిషేకం పొందిన ఆయన, 1791లో చనిపోయేదాకా ఆ సంఘాన్ని వదలలేదు. తన గుడిలో లోటు కనిపిస్తే లోపలే ఉండి పూడ్చాలని చూశాడు. తరువాత జరిగింది వేరే కథ.

విమర్శగా నా తీర్పు ఇది. 1749 ఉత్తరం గొప్ప ఉత్తరం, అసంపూర్ణమైన పత్రం. మారదలచినవాడు దానితో పాటు 1780 లేఖనూ, 25 నియమాలనూ చదివి అప్పుడు నిర్ణయించుకోవాలి. విశ్వాసం కోసం మారేవారిని నేను తప్పుపట్టను. నా కాగితం మీద విశ్వాసం అన్న పద్దు లేదు కనుక నేను మారడం లేదు. అయ్యగారికి ఇదే చెప్పాను. ఆయన నవ్వి, "సాయంత్రం పాటలకు మాత్రం మానకండి" అన్నారు. అది నాలుగో తీర్మానమని నేను తీసుకున్నాను.

కిందటి వారం మా విచారణలోని పద్నాలుగు తెలుగు కుటుంబాల సంతకాలతో, నెలకు ఒక్క ఆదివారమైనా తెలుగు పూజ కావాలని ఫాదర్‌గారికి అర్జీ ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు వైపు ఎవరైనా ఇలా అడిగి సాధించి ఉంటే, ఎలా సాధించారో ఈ పత్రికకు రాయవలసిందిగా కోరుతున్నాను.