గెట్టు దిగితే దొరికే మూలం

మద్దూరులో భూమి మాట వస్తే లెక్కంతా ఎకరాలు, గుంటల్లోనే. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే పదకొండు గజాల పొడవు, పదకొండు గజాల వెడల్పు ఉన్న ముక్క. 121కి వర్గమూలం 11 అని బడికి పోనివాళ్లకు కూడా గుంటే చెబుతుంది. నలభై గుంటలైతే ఎకరం, 4840 చదరపు గజాలు. మరి ఎకరం చెలక నలుచదరంగా ఉంటే ఒక్కో గెట్టు ఎంత పొడవు?

బడిలో నేర్పే భాగహార పద్ధతి పట్టుకుందాం. కుడి నుంచి అంకెలను రెండేసి జత చేస్తే 48, 40. 48లో ఇమిడే పెద్ద వర్గం 36, కాబట్టి మొదటి అంకె 6. శేషం 12 పక్కన 40 దించితే 1240. ఇప్పుడు 6ను రెట్టింపు చేసి, ఆ 12 పక్కన ఓ అంకె చేర్చి, అదే అంకెతో హెచ్చవేయాలి. 129ని 9తో హెచ్చవేస్తే 1161, మిగిలేది 79. సున్నాల జతలు దించుకుంటూ పోతే 69.57 గజాలు తేలుతుంది.

ఆ రెట్టింపు ఎందుకో చాలామందికి ఎవరూ చెప్పరు. చెలకలో చూస్తే తెలుస్తుంది. ముందు 60 గజాల చదరం గీశాం. దాన్ని 9 గజాలు పెంచాలంటే రెండు పక్కలా 60 గజాల పొడవున రెండు పట్టీలు, మూలన 9 గజాల చిన్న చదరం కలపాలి. పట్టీలు రెండు కాబట్టే రెట్టింపు. మూలన ఉన్న ముక్క కోసమే పక్కన అంకె చేర్చడం. 499 నాటి ఆర్యభటుడు ఈ పద్ధతిని ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. ఇంత పొదుపైన ఆలోచన నాకు గణితంలో అరుదుగా కనిపించింది.

9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో లెక్కలకు అంత పాత పునాది ఉంది. రుణసంఖ్య స్వభావం చేతనే వర్గం కాదు, కాబట్టి దానికి వర్గమూలం లేదని మహావీరుడు తేల్చాడు. గెట్టు మీద నిలబడి చూసినంతవరకూ అది నూటికి నూరుపాళ్లు నిజం.

1545లో ఇటలీలో కార్డానో రుణసంఖ్యల మూలాలను ఇష్టం లేకుండానే లెక్కలోకి తెచ్చాడు, 1572లో బొంబెల్లి వాటికి నియమాలు కట్టాడు. అయితే అవి ఎక్కడుంటాయో చూపించింది ఒక సర్వేయరు! డెన్మార్కులో భూములు కొలిచిన కాస్పర్ వెసెల్ వ్యాసం 1799లో అచ్చయింది.

గెట్టు మీద తూర్పు ముఖంగా నిలబడండి. తూర్పు ఒకటి, పడమర మైనస్ ఒకటి. మైనస్ ఒకటితో హెచ్చవేయడమంటే వెనక్కి తిరగడం. ఏ మలుపు రెండుసార్లు తిరిగితే మొహం పడమరకు వస్తుంది? పావు మలుపు. గెట్టు వదలనివాడికి అది దొరకదు, చెలకలోకి దిగాలి. అక్కడ ఉత్తరానికి వేసిన ఒక్క అడుగే ఐ.

మూడు గజాలు తూర్పుకు, నాలుగు గజాలు ఉత్తరానికి నడిచి ఒక కొయ్య పాతారనుకోండి. అది 3+4ఐ. బయల్దేరిన చోటి నుంచి సూటిగా 5 గజాలు. ఇలాంటి సంకీర్ణ సంఖ్యలను హెచ్చవేస్తే దూరాల లబ్ధం, కోణాల మొత్తం వస్తాయి. కాబట్టి మూలం కావాలంటే దూరానికి మూలం తీసి, కోణాన్ని సగం చేయాలి. అంకెల్లో అయితే 5కు 3 కలిపి సగం చేస్తే 4, దాని మూలం 2. 5లోంచి 3 తీసి సగం చేస్తే 1, దాని మూలం 1. జవాబు 2+ఐ. హెచ్చవేసి చూసుకోండి, 3+4ఐ వస్తుంది.

పిల్లలు ఎక్కువగా పడే గుంత ఒకటుంది. ధనసంఖ్యల్లో రెండు మూలాల లబ్ధం, లబ్ధానికి మూలంతో సమానం. ఆ అలవాటును రుణసంఖ్యలకు అంటగడితే, మైనస్ ఒకటి మూలాన్ని దానితోనే హెచ్చవేసినప్పుడు రావలసిన మైనస్ ఒకటికి బదులు ఒకటి వస్తుంది. నియమం పుట్టిన నేలను మరిచిపోయినందుకే ఆ తప్పు.

3+4ఐకి 2+ఐ కాక −2−ఐ కూడా మూలమే. 121కి 11, −11 రెండూ మూలాలైనా ధనసంఖ్యను ముందు పెట్టుకున్నాం. చెలకలో ఉత్తరం వైపు తిరిగినా, దక్షిణం వైపు తిరిగినా రెండో మలుపుకు చేరేది పడమరకే. ఏది ముందో నేల చెప్పదు, మనమే ఒప్పందం చేసుకోవాలి.