నిమ్మలకుంట తెర మీద దూరం, రంగు

సుందరకాండ ఆడే రాత్రి తోలుబొమ్మల మేళంలో హనుమంతుడు ఒక్కడు కాదు. శింశుపా వృక్షం కొమ్మల్లో నక్కి కూర్చునే హనుమంతుడు చిన్న బొమ్మ. సీతమ్మకు నమ్మకం కలగడం కోసం ఒళ్లు పెంచి చూపించే హనుమంతుడు నిలువెత్తు మనిషంత బొమ్మ. చిన్నదాన్ని తెర మీంచి లాగెయ్యడం, పెద్దదాన్ని తెచ్చి ఆనించడం, రెండూ ఒక్క ఊపులో జరగాలి. తాళం ఆ ఊపు మీదే పడాలి. యానిమేషన్ నేర్పే బళ్లలో దీనికి షాట్ మార్పు అనో, కట్ అనో పేరు పెట్టి పాఠం చెబుతారు. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో దీన్ని ఎవరూ పాఠంగా చెప్పరు. తెర వెనక కూర్చున్న పిల్లవాడికి ఏ బొమ్మ ఎప్పుడు అందించాలో తెలిస్తే చాలు.

నిమ్మలకుంట 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కానీ, తోలుబొమ్మలంటే అనంతపురం పేరు చెప్పే అలవాటు ఇంకా పోలేదు. ఇక్కడి కళాకారుల కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస, తెర వెనక పాడేది తెలుగు పద్యం. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. బిరుదుల సంగతి పత్రికలు బాగానే రాశాయి. ఆ బొమ్మ తెర మీద ఎలా పనిచేస్తుందన్నది మాత్రం అంతగా రాయలేదు. నాకు ఆసక్తి అక్కడే.

సినిమాలో కెమెరా దగ్గరికి వస్తుంది, దూరం జరుగుతుంది. ఇక్కడ ప్రేక్షకుడు నేల మీద కూర్చున్నచోటి నుంచి కదలడు, తెరా కదలదు. కాబట్టి కెమెరా చేసే పని ఆడించేవాడి మోచేతికి వచ్చింది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే నగల మీది చుక్క చుక్కా తేటగా కనిపిస్తుంది. వెనక్కి, దీపం వైపు జరిపితే నీడ పెరుగుతుంది, అంచులు చెదురుతాయి, రంగు పలచబడుతుంది. రాక్షసుడు ముందు ఆకారం తెలియని మసకగా తెరంతా కమ్ముకుని, మెల్లగా కుదించుకుంటూ వచ్చి, తెరను తాకగానే కోరలూ మీసాలూ కళ్లూ ఒక్కసారిగా బయటపడతాయి. భయం ఆ మసకలో ఉంటుంది. తేటపడ్డాక ఇక మిగిలేది మాటల యుద్ధమే.

తెరను ప్రేక్షకుల వైపుకి కాస్త వాల్చి కడతారు, వెనక నుంచి ఆనించిన బొమ్మ తన బరువుకే తెరకు అంటుకుని నిలవాలని. పని లేని బొమ్మలను ఈతముళ్లతో తెరకు గుచ్చి వదిలేస్తారు. కొలువు కొలువంతా అలా కదలకుండా నిలబడి ఉంటుంది. మాట్లాడే పాత్ర ఒక్కటే చెయ్యి ఊపుతుంది. చూసేవాడి కన్ను వెతుక్కోనక్కర్లేదు. టీవీ కార్టూన్లు తీసేవాళ్లు ఖర్చు తగ్గించుకోడానికి ఇదే చేశారు, వెనక బొమ్మను అలాగే ఉంచేసి నోరూ చెయ్యీ మాత్రం మళ్లీ గీశారు. వాళ్లది డబ్బు పొదుపు, వీళ్లది చేతుల పొదుపు. ఒక చేత్తో బొమ్మ నడుమ ఉన్న వెదురుబద్ద, రెండో చేత్తో బొమ్మ చేతులకు కట్టిన పుల్లలు పట్టుకున్నవాడికి మూడో చెయ్యి లేదు కదా. అందుకే యుద్ధం వస్తే కాళ్లకు పని చెబుతారు. పాదాల కింద చెక్కపలకలు టపటపలాడతాయి, గజ్జెలు మోగుతాయి.

బొమ్మల ముఖాలు చాలావరకు పక్కవాటుగా ఉంటాయి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ముక్కు చూస్తేనే తెలిసిపోతుంది. రావణుడి పది తలలు అలా పెడితే ఒకదాని వెనక ఒకటి దాగిపోతాయి గనుక, అతని తలలు అటూ ఇటూ పరుచుకుని తెర అంత మేరా ఆక్రమిస్తాయి. అందరూ ఒక వైపే చూసే లోకంలో అన్ని వైపులా చూసేవాడు ఒకడు వచ్చాడంటే, అతని అహంకారం గురించి పద్యం రాకముందే సగం తెలిసిపోతుంది. ఇదే జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రాలు చూడండి: అవే పక్కవాటు ముఖాలు, అవే బారెడు కళ్లు, ఖాళీ లేకుండా నింపిన చీరల పూలు. ఆ చిత్రాలను పైకప్పు నుంచి ఒలిచి వెనక దీపం పెడితే ఆట మొదలుపెట్టొచ్చు.

ఇక రంగు. తోలుబొమ్మ నల్లటి నీడ అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అలాంటి సినిమా ఒకటి ఉంది: జర్మనీలో లొట్టే రైనిగర్ 1926లో విడుదల చేసిన ‘రాకుమారుడు అహ్మద్ సాహసాలు’. నేటికి మిగిలి ఉన్న నిడివైన యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికన్నా పాతది అదే. ఆమె నల్ల అట్టలతో మనుషులను కత్తిరించి, గాజు మీద పరిచి, కింద దీపం పెట్టి, ఒక్కో కదలికకూ ఒక్కో ఫొటో తీసింది. మనుషులంతా నలుపే కాబట్టి రంగు వెనకున్న ఆకాశానికి దక్కింది. రాత్రి ఘట్టమైతే ఫిల్ము ముక్కంతా నీలం. మన దగ్గర ఇది తిరగబడింది. వెనక ఆకాశం ఎప్పుడూ ఒకటే, తెల్లబట్ట మీద దీపపు పసుపు. రంగంతా మనిషి ఒంటి మీద ఉంటుంది.

అది ఒంటి మీద పూసిన రంగు కూడా కాదు, ఒంట్లోంచి వచ్చే రంగు. మేకతోలును చెప్పుల తోలులా పదును చెయ్యరు. నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడతారు. అది కాగితంలా పలచబడి వెలుతురును లోపలికి రానిస్తుంది. నల్లగీతతో బొమ్మ గీసి, ఎరుపూ పచ్చా నీలమూ రెండు పక్కలా అద్దుతారు. తర్వాత ఉలితో చిల్లులు కొడతారు. చిల్లు పడినచోట రంగు లేదు, తోలూ లేదు, నేరుగా దీపమే. కిరీటం, వడ్డాణం, చీర అంచు అన్నీ చిల్లులే. అంటే బంగారం వెయ్యడానికి ఈ కళాకారుడు వాడిన వస్తువు ఖాళీ. తెర మీద రాజుకూ సేవకుడికీ తేడా చిల్లుల లెక్కలో ఉంది.

రాముడు నీలం, కృష్ణుడు నీలం అని ఒక జాబితా రాసి రంగుల అర్థం తేల్చేశామనుకుంటే సరిపోదు. ఏ దీపం ముందు అన్న ప్రశ్న ఉంది. పూర్వం ఆముదం దీపాలు. నూనె దీపపు వెలుగులో ఎరుపూ పసుపూ ఎక్కువ, నీలం బహు తక్కువ. ఆ వెలుగులో నీలం రంగు తోలు దాదాపు నలుపుకు దిగిపోతుంది, ఎరుపు నిప్పులా లేస్తుంది. కాబట్టి పాత కాలపు ప్రేక్షకుడు చూసిన రాముడు చీకటిగా, నిమ్మళంగా, నగల చుక్కలు మాత్రం మెరుస్తూ ఉండి ఉంటాడు; ఎదురుగా ఎర్రబట్టల రాక్షసుడు భగ్గుమంటూ ఉండి ఉంటాడు. పైగా నూనె దీపం రెపరెపలాడుతుంది. కదలని బొమ్మకూ ఊపిరి ఉన్నట్టుంటుంది. ఆ తర్వాత పెట్రోమాక్స్ వచ్చింది, కరెంటు బల్బు వచ్చింది. ఇప్పటి తెల్లటి ఎల్ఈడీ ముందు నీలం ఎరుపుతో సమానంగా వెలుగుతుంది, బొమ్మ ఊపిరి ఆగిపోతుంది. దీన్ని ప్రగతి అని నేను ఒప్పుకోలేను. ప్రభుత్వ ఉత్సవాల వేదికల మీద కనీసం పసుపు బల్బు అయినా అడిగి పెట్టించుకోవచ్చు, దానికి నిధులు అక్కర్లేదు.

ఇదంతా కరువు సీమలో పుట్టి పెరగడం కాకతాళీయం అనిపించదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మెట్ట ఇది. పైరు నమ్మలేని చోట గొర్రె, మేక ఆసరా. తోలుకు కొదవ లేదు. పదును చెయ్యని తోలు తేమ తగిలితే మెత్తబడి వంకర పోతుంది, పొడిగాలిలో బిగిసి నిలుస్తుంది. పంట చేతికొచ్చాక ఆటలు పెట్టించుకోవడం ఊళ్లకు వీలు, ఆ పొడి నెలలు బొమ్మకూ మేలు. విచిత్రం ఏమిటంటే, బొమ్మకు పనికిరాని వాన కోసమే విరాటపర్వం ఆడించేవాళ్లు. విరాటపర్వం చదివినా ఆడినా వాన పడుతుందని తెలుగు పల్లెల నమ్మకం.

తాడిపత్రి కూడా ఈ సీమదే. అక్కడ పుట్టిన కె.వి.రెడ్డి 1957లో తీసిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు వివాహ భోజనం ముందు కూర్చుని ఒళ్లు పెంచుతాడు. మార్కస్ బార్ట్లీ కెమెరా దానికి ఎన్నో తంటాలు పడి ఉండాలి. చిన్న బొమ్మ తీసి పెద్ద బొమ్మ పెట్టడం చూసి పెరిగిన జనానికి ఆ మాయ అర్థం చేసుకోవడంలో ఏ కష్టమూ లేదు.

ఇవాళ నిమ్మలకుంట ఇళ్లకు కూడు పెడుతున్నది ఎక్కువగా ఆట కాదు, దీపపు గొట్టాలు, గోడకు వేలాడే పటాలు. నెమళ్లు, ఏనుగులు, కల్పవృక్షాలు. చిల్లు కొట్టే చెయ్యి అలాగే ఉంది, రంగు తోలులోంచి రావడం అలాగే ఉంది. అందుకే అవి నగరాల్లో డ్రాయింగ్ రూముల్లో అంత అందంగా వెలుగుతున్నాయి. పోయింది దూరం. దీపం తోలు లోపలే స్థిరంగా ఉంటుంది, దగ్గరికి జరపడం లేదు, వెనక్కి తీయడం లేదు. కీళ్లు అక్కర్లేదు కాబట్టి భుజం దగ్గర, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర దారం ముడి ఎలా వెయ్యాలో, ఎంత వదులు ఉంచితే చెయ్యి సహజంగా వాలుతుందో కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకు నేర్పాల్సిన అవసరమూ తగ్గిపోతోంది. అది పుస్తకంలో దొరికే కొలత కాదు. బొమ్మ ఆడించే ఇంట్లో, ఆడే బొమ్మ మీదే నేర్చుకోవాలి.