ఒక్క ముక్కగా తీయాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆసుపత్రి ఊసెత్తితే కిడ్నీ మాటే వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలానికి వెళ్లినా డయాలసిస్‌కు తిరుగుతున్నవాళ్లు కనబడతారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటో బడి ముఖం చూడని అవ్వలకూ తెలుసు. ఆ గోడు విని విని చివరికి 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇంత పెద్ద కష్టం పక్కన కడుపులో మంట జబ్బుగానే తోచదు. మందుల షాపులో గ్యాస్ మాత్ర అడిగి వేసుకుంటారు, మళ్లీ పనిలో పడతారు. చాలామందికి అది నిజంగా గ్యాసే. కొద్దిమందికి మాత్రం అన్నవాహికలోనో, జీర్ణాశయంలోనో గోరంత కణితి కుదురుకుంటూ ఉంటుంది. ఆ దశలో దాన్ని పొట్ట కోయకుండా, నోటి గుండా వెళ్లే ఎండోస్కోపీ గొట్టంతోనే తీసేసే విద్య ఒకటుంది. అది ఉద్దానానికి తెలియాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు పెద్ద ఆపరేషన్ ఎంత ప్రమాదమో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు కదా.

ఈ విద్యకు పుట్టిల్లు జపాన్. జీర్ణాశయ క్యాన్సర్ అక్కడ ఇంటింటి భయం. 1950లో ఒలింపస్ సంస్థ కడుపులోకి పంపే చిన్న కెమెరాను తయారుచేసింది. క్యాన్సర్ పై పొరల్లోనే ఉంటే దాన్ని తొలిదశ క్యాన్సర్‌గా లెక్కించాలని 1962లో ఆ దేశపు ఎండోస్కోపీ వైద్యులు నిర్వచించారు. ఆ నిర్వచనమే తర్వాత జరిగిన పని అంతటికీ పునాది.

ఎందుకంటే జీర్ణనాళం గోడ పొరలు పొరలుగా ఉంటుంది. లోపల ఆహారం తగిలే పొర మ్యూకోసా, దాని కింద మెత్తటి సబ్‌మ్యూకోసా, ఆ కింద కండరం. క్యాన్సర్ మొదలయ్యేది పై పొరలో. అక్కడే ఉన్నంతసేపు అది లింఫ్ గ్రంథులకు పాకడం అరుదు. జీర్ణాశయంలో రెండు సెంటీమీటర్లలోపు ఉండి, పుండు పడకుండా, కణాలు మరీ చెదిరిపోని రకం అయితే ఆ ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ. అలాంటప్పుడు జీర్ణాశయాన్ని సగమో మొత్తమో కోసి తీసేయాల్సిన అవసరం ఏముంది? ఆ పొర మేరకు ఒలిచి తీస్తే చాలు.

ఒలవడమే కష్టం. గోడ మొత్తం మందం కొన్ని మిల్లీమీటర్లే. కత్తి కాస్త లోతుకు దిగితే చిల్లు పడుతుంది. అందుకే ముందు కణితి చుట్టూ చుక్కలు పెట్టి హద్దు గీస్తారు. తర్వాత సన్నని సూదితో సబ్‌మ్యూకోసాలోకి ద్రవం ఎక్కిస్తారు. సెలైనో, ఇంకాస్త చిక్కనిదో, అందులో కొంచెం నీలి రంగు. పై పొర బొబ్బలా లేస్తుంది, కండరం కిందనే ఉండిపోతుంది. ఆ మధ్య నీలంగా కనబడే చోటే కత్తి నడవాలి. ద్రవం ఎక్కించినా పొర పైకి లేవకపోతే, కణితి లోతుకు వేళ్లు దిగిందేమోనని డాక్టరు అక్కడే అనుమానించాలి.

1984లో జపాన్ వైద్యులు ప్రచురించిన తొలి పద్ధతిలో అలా లేచిన పొరను తీగ ఉచ్చు బిగించి కరెంటుతో కోసేవారు. చిన్న కణితులకు అది ఇప్పటికీ మంచి పద్ధతే, పని త్వరగా అవుతుంది, ఖర్చూ తక్కువ. ఉచ్చులో పట్టనంత వెడల్పుదైతే మాత్రం ముక్కలు ముక్కలుగా తీయాల్సి వచ్చేది. ముక్కలైతే అంచు ఎక్కడుందో, అంతా వచ్చిందో లేదో పాథాలజిస్టు చెప్పలేడు. జబ్బు మళ్లీ అక్కడే మొలిచేది. పలాస జీడి కార్ఖానాల్లో పొట్టు తీసే ఆడవాళ్లకు ఈ తేడా వివరించనక్కర్లేదు: గుండుపప్పుకు ఉన్న విలువ బద్దకు ఉండదు, పొట్టంతా పోవాలి, పప్పు మాత్రం చిట్లకూడదు. 1990లలో టోక్యో జాతీయ క్యాన్సర్ కేంద్రంలో కొసన పింగాణీ పూస ఉన్న కత్తి వచ్చింది. పూసకు కరెంటు సోకదు కనుక కొన కండరంలోకి గుచ్చుకునే భయం తగ్గింది. దాంతో చుట్టూ కోసి, అడుగున నెమ్మదిగా విడదీసుకుంటూ వెళ్లి, ఎంత వెడల్పు కణితినైనా ఒకే ముక్కగా తేవడం సాధ్యమైంది. ఈ పద్ధతినే ఈఎస్‌డీ (ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్) అంటున్నారు. 2006లో జపాన్ ప్రభుత్వం దీన్ని ఆరోగ్య బీమాలో చేర్చింది.

బయటికి వచ్చిన ముక్కను పలకకు చదునుగా గుండుసూదులతో బిగించి, రెండు మిల్లీమీటర్లకు ఒక కోత చొప్పున కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఈ ఘట్టమే. అంచులు శుభ్రంగా ఉన్నాయా, లోతు ఎంత, రక్తనాళాల్లోకి చేరిందా అన్నది తేలాకే చికిత్స అయిందో లేదో చెబుతారు. కాలేదని తేలితే రోగిని సర్జన్ దగ్గరకు పంపుతారు. కత్తి పట్టిన చెయ్యే తన పనికి తీర్పు ఇచ్చుకోదు.

అన్ని చోట్లా పని ఒకేలా ఉండదు. జీర్ణాశయం గోడ మందం, లోపల చోటూ ఎక్కువ. అన్నవాహిక ఇరుకు. అక్కడ చుట్టూ ముప్పాతిక వంతుకు మించి ఒలిస్తే మానే క్రమంలో ఆ దారి ఇరుకైపోవచ్చు, అప్పుడు మళ్లీ బెలూను పెట్టి వెడల్పు చేయాలి. చిన్నపేగు మొదటి భాగం గోడ మరీ పల్చన, పైగా పైత్యరసం తగులుతుంది, ఆరితేరినవాళ్లూ అక్కడ ఆచితూచి దిగుతారు. పై పొర కింద పుట్టే గడ్డలది వేరే దారి. ఎండోస్కోపీ కొసన అల్ట్రాసౌండ్ పెట్టి అవి ఏ పొరలో ఉన్నాయో చూస్తారు. చాలావాటిని తీయకుండా ఏడాదికోసారి చూస్తే సరిపోతుంది.

ఇక కిడ్నీ సంగతి. ఈఎస్‌డీ తర్వాత ఎవరికి రక్తస్రావం కావచ్చో అంచనా వేయడానికి జపాన్ వైద్యులు బెస్ట్-జే అనే మార్కుల పట్టిక చేశారు. అందులో ఆస్పిరిన్ వాడుతుంటే 1 మార్కు, డయాలసిస్ మీద ఉంటే 3. అంటే ఉద్దానం రోగికి ఈ పని చేసే డాక్టరు ముందే నెఫ్రాలజిస్టుతో మాట్లాడాలి, డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ సంగతి తేల్చుకోవాలి. అయినా ఛాతీ తెరిచి అన్నవాహిక తీసేయడంతో పోలిస్తే ఆ రోగి ఒంటికి ఇదే తేలిక. ఒళ్లు నొప్పులకు షాపులో కొనే మాత్రలు కిడ్నీని, కడుపు పొరను రెండింటినీ తినేస్తాయన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాల్సిన మాటే.

ఈ విద్య మనకు అందనిదేమీ కాదు. విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, ప్రపంచం నలుమూలల నుంచి డాక్టర్లు వచ్చి ఎండోస్కోపీ నేర్చుకునే చోటు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. ఒకసారి చేసే ఈఎస్‌డీ కోసం రైలెక్కి హైదరాబాద్ వెళ్లవచ్చు. కానీ కణితి ఉందని కనిపెట్టే తొలి పరీక్షకు అంత దూరం ఎవరు వెళతారు? టెక్కలి, పలాసల్లోనే అది జరగాలి. విశాఖకో బరంపురానికో వెళ్లేసరికి చాలామందికి మెతుకు మింగుడుపడని స్థితి వచ్చేస్తుంది. అప్పటికి ఒలిచే దశ దాటిపోతుంది.

శ్రీకాకుళం జిల్లాకు ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ వెతికిన చరిత్ర ఉంది. ఇక్కడి ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు, అంగిట్లో పుండ్లు పడేవి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ దంత పరిశోధకులు 1960లలో ఈ పల్లెల్లో నోళ్లు తెరిపించి చూశారు. తర్వాత చుట్ట మాన్పించే పనీ చేపట్టారు. నోటిని టార్చిలైటుతో చూడవచ్చు. అదే పొగ సెగ తగిలే అన్నవాహికను అలా చూడలేం, గొట్టం వేయాల్సిందే. దేశంలో నోటి క్యాన్సర్‌కు ఉన్నట్టు కడుపు క్యాన్సర్‌కు ఊరూరా పరీక్షలు లేవు. అందుకే చుట్ట, సారా అలవాటున్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు, నలభై దాటాక కొత్తగా మంట మొదలైనవాళ్లు, నల్లటి విరేచనం అయినవాళ్లు, కారణం తెలియకుండా బరువు తగ్గినవాళ్లు గ్యాస్ మాత్రతో నెలలు గడపకుండా ఒకసారి ఎండోస్కోపీ అడగాలి. ఆ మాత్రలు క్యాన్సర్ పుండును కూడా పైకి మానినట్టు చూపించగలవు.

పరీక్ష చేసే డాక్టరునూ ఒకటి అడగాలి. లోపలి నురగ, జిగురు కడిగి తీరిగ్గా, కనీసం ఏడు నిమిషాలు చూడమని. త్వరగా ముగించేవారికన్నా అలా చూసేవారికే చిన్న మచ్చలు ఎక్కువ దొరుకుతాయని తేలింది. అనుమానం ఉన్నచోట ముక్క తీయించాలి, జీర్ణాశయ క్యాన్సర్‌కు దారితీయగల హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా ఉంటే మందు పూర్తిగా వాడాలి. కణితి తీయించుకున్నవాళ్లు ఏటా మళ్లీ గొట్టం వేయించుకోవాలి. ఎందుకంటే ఒలిచింది ఆ ఒక్క చోటే, కడుపు మిగతా అంతా అలాగే ఉంది.