లక్కపిడతలు: రంగు సరే, కొలత మాటేమిటి?

రైల్వే కొలువులకు వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఏటికొప్పాక లక్కపిడతలు చూస్తే సొంతూరు గుర్తొస్తుంది. అంకుడు కర్ర, లక్క, మొక్కల నుంచి తీసిన రంగులు – మెచ్చుకోవలసిందే. ఉత్తుత్తి వంటలో పసివాడు పెద్దలను అనుకరిస్తూ మాటలు నేరుస్తాడు. కాని ‘సహజం’ అన్నది రంగుకు చెల్లుతుంది, పరిమాణానికి కాదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. భౌగోళిక గుర్తింపు పొందిన కళాకారుల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కనుక పరీక్ష మనమే చేయాలి. ప్రమాణాల్లోని పరీక్ష గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడే మూత, గరిటె మూడేళ్లలోపు బిడ్డ ఊపిరికి అడ్డుపడవచ్చు. వాటిని తీసి దాచండి, పెద్ద గిన్నెలే ఇవ్వండి. పసివాళ్ల కోసం పెద్ద సైజు పిడతలు వేరుగా చేస్తే ఈ లోపం తీరుతుంది.